ముకద్దం ఫోను

జమునకు ఎన్నడూ ఫిట్స్ రాలేదు. అయినా ఎల్లారెడ్డి అవతల చిన్నగుట్ట తండాకు పోయి జమున ఇల్లెక్కడ అని అడిగితే, ఏ జమున, ఫిట్ల జమునా అని ఎదురడుగుతారు. ఆ పేరు పెట్టింది ఆమె తల్లి గోమ్లి. ప్రేమతోనే పెట్టింది.

వానకాలం పంట ఇంటికి చేరగానే ఆ తండాలో సగం ఇండ్లకు తాళాలు పడతాయి. తాళం వేసినవాళ్లంతా సరిహద్దు మీది డోంగ్లి దాటి మహారాష్ట్రలో చెరుకు కొట్టడానికి పోతారు. అక్కడ పనికి మనుషులను పెట్టుకోరు, జోడీలను పెట్టుకుంటారు. మొగుడూ పెళ్ళామూ కలిస్తే ఒక జోడి. ఇద్దరూ కొట్టాలి, ఇద్దరూ మోయాలి. జోడిలో ఒకరు పడిపోతే రెండోవారికి పని లేదు. ఈ జోడీలను కుదిర్చి, ట్రాక్టరెక్కించి తీసుకుపోయి, సీజను ముగిసేదాకా పని చేయించేవాడు ముకద్దం. చిన్నగుట్ట తండాకు లాల్‌సింగ్ ముకద్దం.

చెరుకు తోటల పక్కన వేసుకునే గుడిసెలకు కరెంటు ఉండదు. ఫోన్లు అందరికీ ఉన్నాయి. కానీ అన్నీ చార్జింగు లేక మూటల్లో పడి ఉంటాయి. ట్రాక్టరు బ్యాటరీ మీద బతికేది లాల్‌సింగ్ ఫోను ఒక్కటే. ఎవరికి ఫోను వచ్చినా అతడు స్పీకరు పెట్టి ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఉంచుతాడు. అందరూ చుట్టూ చేరతారు. తండా నుంచి వచ్చిన కబురు అందరిదీ. ఎవరి బర్రె ఈనిందో, ఎవరి ముసలమ్మ మంచం పట్టిందో అందరూ కలిసి వింటారు, కలిసి నవ్వుతారు. ఇందులో చాటు ఏముంటుందని అక్కడ ఎవరికీ తోచదు. చాటుగా మాట్లాడాలనుకునే మనిషినే అనుమానంగా చూస్తారు.

జమున చిన్నతనమంతా ఆ ఫోనుకు ఇవతలి పక్కన గడిచింది. ఆమె హాస్టల్లో, అమ్మానాన్నలు చెరుకులో. ఆదివారం హాస్టల్ ఆయా ఫోను ఇచ్చేది. తిన్నవా అని తల్లి అడిగేది. తిన్న. మంచిగున్నవా. మంచిగున్న. ఒకసారి జమున ఏడ్చింది. అవతల ముప్పై మంది నవ్వారు. అందులో ద్వేషం లేదు, గోమ్లి బిడ్డకు పాలు మరవలేదని ముచ్చటపడి నవ్వారు. తరువాత ఆమె ఆ ఫోన్లో ఏడవలేదు. తల్లి చెప్పే మాటను వదిలి మాట వెనక ఉన్నది వినడం నేర్చుకుంది. తల్లి దగ్గును బట్టి గుడిసెలో పొగను, ఊపిరిని బట్టి ఆనాటి పనిని కనిపెట్టేది. స్పీకరు పెట్టి ఉంటే గొంతు చుట్టూ ఆకాశం ఉన్నట్టు ఉండేది. ఆడవాళ్ల మోచేతుల దాకా ఉన్న గాజులు ఎప్పుడో ఒకప్పుడు చప్పుడు చేసేవి.

జమున పదో తరగతిలో ఉండగా తండ్రి ప్రకాశ్ చెరుకు లారీ కింద పడ్డాడు. శవంతో తండాకు వచ్చిన గోమ్లికి దినాలు కాకముందే లాల్‌సింగ్ నుంచి ఫోను వచ్చింది. బిడ్డను తీసుకొని రా, తల్లీబిడ్డ కలిస్తే జోడి అయితది, నీకు బతుకుదెరువు పోదు అన్నాడు. మంచి మాటగానే అన్నాడు. ఆ వెనక గాజుల చప్పుడు గోమ్లికి వినిపిస్తూనే ఉంది.

"దానికి ఫిట్స్ వస్తున్నయి అన్నా," అంది గోమ్లి. "మొన్న పొయ్యి కాడ పడ్డది. కత్తి చేతిల ఉన్నప్పుడొస్తే, పక్కన ఎవరి కాలు తెగుతదో నేనేం చెప్పాలె."

అంతే. ముప్పై మంది ఒకేసారి విన్నారు. కాళ్లు అందరికీ ఉన్నాయి. ఆ తరువాత ఎవరూ జమునను పిలవలేదు. గోమ్లి ఇటుక బట్టీకి పోయింది. జమున పది పాసైంది, ఇంటర్ పాసైంది. పెండ్లి మాట ఎత్తిన ఇండ్లన్నీ ఫిట్స్ మాట వినగానే వెనక్కి పోయాయి. చెల్లెలి వరసైన పిల్లల పెండ్లిళ్లలో ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, పడుతుందని. పసిపిల్లలను ఎత్తుకోనివ్వలేదు. ఒక్క మాటతో తల్లి ఆమెకు బడి ఇచ్చింది. అదే మాటతో మిగతావన్నీ తీసుకుంది.

ఇప్పుడు జమున కామారెడ్డిలో నగేశ్ బట్టల దుకాణంలో పని చేస్తుంది. చీర ముక్క తెస్తే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ తీసి ఇవ్వడం ఆమె పని. దూరవిద్యలో డిగ్రీ చదువుతోంది. దుకాణం పైఅంతస్తులో ప్రమోద అనే రిటైరైన టీచరు ఒక చిన్న సంఘం నడుపుతుంది. కష్టంలో ఉన్న పిల్లల మాట వినడానికి, వాళ్లకంటే నాలుగైదేండ్లు పెద్దవాళ్లను తయారుచేసే సంఘం. జీతం లేదు, బస్సు చార్జీ ఇస్తారు. కిందికి టీ తెచ్చుకోవడానికి వచ్చినప్పుడు ప్రమోద జమునను చూసింది. ఒక కస్టమరు ఎంతకూ రంగు తేల్చుకోలేక తన కోడలి మీద చెప్పుకుంటూ పోతుంటే, జమున గుడ్డ తానులు మడతపెట్టకుండా వింటూ నిలబడింది. పైకి వస్తవా అమ్మా అని అడిగింది ప్రమోద.

నేర్పింది తక్కువే. సలహా చెప్పొద్దు. అయ్యో అనొద్దు. నాకు తెలుసు అనొద్దు. అవతలివాళ్లు ఆగిపోతే, వాళ్లు చివరన అన్న మాటనే తిరిగి అని ఊరుకో. నీ కథ చెప్పొద్దు. అబద్ధం ఎప్పుడూ చెప్పొద్దు, ఆ పిల్లలు అప్పటికే చాలా అబద్ధాలు విని ఉంటారు. విన్నది ఎక్కడా అనొద్దు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం వెంటనే నాకు చెప్పాలి. ముందుగా నువ్వు లేచిపోవద్దు, ముందుగా నువ్వు ఫోను పెట్టొద్దు.

జమునకు ఇవన్నీ వచ్చినవే. పేర్లు మాత్రం కొత్తగా తెలిశాయి.

శనివారం శనివారం నగేశ్ దగ్గర సెలవు తీసుకొని, తాడ్వాయి మీదుగా పోయే బస్సెక్కి ఎల్లారెడ్డిలోని ఆడపిల్లల హాస్టల్‌కు పోయేది. నగేశ్ ప్రతిసారీ ఒకే మాట అనేవాడు. ఈడ కస్టమర్లు చెప్పేది ఇనేతందుకే నీకు జీతమిస్తున్న, ఆడ ఊకె ఇంటవేంది. తండాలో ఇంకోలా అనుకున్నారు. ఫిట్ల పిల్లను పిల్లల తలకాయలు బాగుచెయ్యనీకి పెట్టిన్రట అని నవ్వుకున్నారు. గోమ్లి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు తాను కూడా నవ్వింది.

హాస్టల్లో బియ్యం బస్తాలు పెట్టే గదిలో రెండు కుర్చీలు వేశారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చేవారు. ఫెయిలైనవాళ్లు, ఎవడో ఫోటో పెట్టి బెదిరిస్తున్నవాళ్లు, ఇంటికి పోవడానికి భయపడేవాళ్లు. జమున వినేది. కొందరు మళ్లీ వచ్చేవారు, కొందరు రాలేదు. రానివాళ్లు బాగుపడ్డారో లేదో తెలుసుకునే వీలు లేదు.

వానలు తగ్గేవేళకు మాలతి రావడం మొదలుపెట్టింది. పదో తరగతి. చిన్నగుట్ట తండాయే, భీమ్‌సింగ్ బిడ్డ. వచ్చి కూర్చుని బస్తాల మీది అక్షరాలు చదువుకుంటూ పోయేది. జమున కూడా మాట్లాడలేదు. కొన్ని శనివారాలు అట్లాగే పోయాయి. ఒకనాడు ఆ పిల్ల తలెత్తింది.

"నీకు నిజంగనే ఫిట్స్ వస్తయా అక్కా?"

నీ కథ చెప్పొద్దన్నది నియమం. అబద్ధం చెప్పొద్దన్నదీ నియమమే.

"రావు," అంది జమున.

"మరి?"

"మా యాడి చెప్పింది. లాల్‌సింగ్ కాకకు."

మాలతి మళ్లీ బస్తాల మీది అక్షరాల వైపు తిరిగింది. వెళ్లేటప్పుడు, మంచిగ చెప్పింది మీ అమ్మ అని, గడప దాటింది.

దీపావళి తరువాత ట్రాక్టర్లు పోయాయి. మాలతి అమ్మానాన్నలు పోయారు. చలి ముదిరిన రోజుల్లో అక్కడ మాలతి తల్లి, మోపు ఎత్తుకుని లారీకి ఆనించిన పలక ఎక్కుతూ జారింది. నడుము విరగలేదు కానీ లేవడం లేదు. భీమ్‌సింగ్ జోడి పోయింది. తండాలో ఉన్న నాయనమ్మ హాస్టల్‌కు వచ్చి కబురు చెప్పింది. ఆరునెలల పరీక్షలు అయిపోగానే మనిషి వస్తాడు, పెట్టె సర్దుకో. ఈ సీజను తండ్రితో జోడి. వచ్చే సీజనుకు ఎవరినో చూసి పెండ్లి చేస్తే, అప్పుడు సొంత జోడి.

మాలతి ఇదంతా మెల్లగా, ఇంకెవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. జమున నియమం ప్రకారం చివరి మాట తిరిగి అంది.

"సొంత జోడి."

"నువ్వు నాకొక్క పని చెయ్యి," అంది మాలతి. "లాల్‌సింగ్ ఫోనుకు ఫోన్ చెయ్. నాకు గూడ ఏదన్న ఉందని చెప్పు. ఫిట్సే చెప్పు. నువ్వు సంఘమోళ్ల మనిషివి, నీ మాట నమ్ముతరు. అందరు ఇంటరు. ఇంక నన్ను పిల్వరు."

జమునకు పెండ్లి పందిట్లో పొయ్యికి దూరంగా వేసిన తన కుర్చీ గుర్తొచ్చింది. చేతుల్లోంచి లాక్కున్న పసిపిల్ల గుర్తొచ్చింది. ఆ మాట ఎంతకాలం బతుకుతుందో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇంకో పిల్ల నెత్తిన దాన్ని తన చేత్తో ఎట్లా పెడుతుంది?

"మేం అబద్ధం చెప్పం మాలతీ."

"మీ అమ్మ చెప్పలేదా?"

"చెప్పింది. దాంతోని నాకేమైందో నీకు తెల్వది."

"ఏమైంది? దుకాణంల కూసున్నవు. చదువుకుంటున్నవు." ఆ పిల్ల గొంతులో కోపం లేదు. "నాకు పెండ్లి కాకుంటె మంచిదే కదక్కా."

ఇంకో దారి చూద్దాం, మేడంతో మాట్లాడతాను అంది జమున. మాలతి తల ఊపింది. అప్పుడు చెప్పింది, తన పెట్టెలో బట్టల అడుగున పొలానికి కొట్టే మందు సీసా ఉందని. నాయనమ్మ ఇంటి నుంచి తెచ్చుకుందట. అవసరం పడదనుకున్న, నువ్వు చెప్తవనుకున్న అంది.

జమున ఆమెతో పోయి పెట్టె తీయించి సీసా తీసుకుంది. మాలతి అడ్డు చెప్పలేదు. సీసా తీసుకుంటే ఏమవుతుంది, ప్రతి ఇంటి చూరులోనూ ఒకటి ఉంటుందన్నట్టు చూసింది.

బస్సులో ఆ సీసాను బట్టసంచిలో ఒడిలో పెట్టుకుని జమున కామారెడ్డి వచ్చింది. ప్రమోద అంతా విని సీసాను బీరువాలో పెట్టి తాళం వేసింది. ప్రాణం మీదికి వచ్చింది, ఇంక దాచకూడదు అంది. వార్డెనుకు నేను చెప్తాను, రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండమంటాను. తల్లిదండ్రులకు మాత్రం ఇవాళే తెలియాలి. వాళ్లకు వాళ్ల భాషలో నువ్వే చెప్పాలి, నేను చెబితే బెదిరించినట్టు ఉంటుంది. మెల్లగా చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. కన్నతండ్రి, బిడ్డ చస్తానంటుందని తెలిస్తే ఆగకుండా ఉంటాడా.

ప్రమోదకు ఆ ఫోను సంగతి తెలియదు. జమునకు తెలుసు.

తెలుసు కాబట్టే ముందు తానే పోదామనుకుంది. రెండు బస్సులు మారి, అక్కడి నుంచి ఏ తోటలో ఉన్నారో వెతకాలి. నగేశ్‌ను సెలవు అడిగింది. పో, మళ్ల రాకు అన్నాడతడు. పోయి వచ్చేలోపు మాలతి ఇంకో సీసా వెతుక్కుంటే? చివరికి దుకాణం వెనక, మూటలు విప్పే చోట నిలబడి లాల్‌సింగ్ నంబరు నొక్కింది.

"ఎవరు? ఫిట్ల జమునా?" లాల్‌సింగ్ గొంతు హుషారుగా ఉంది. "గోళీలు ఏసుకుంటున్నవా బిడ్డా?"

అవతల నవ్వులు. గొంతు చుట్టూ ఆకాశం.

భీమ్‌సింగ్ కాకతో మాట్లాడాలని అడిగింది. ఈడ్నే ఉన్నడు చెప్పు అన్నాడు. స్పీకరు తీసి ఫోను ఆయన చేతికి ఇవ్వమంది. ఏందంత ముచ్చట అన్నాడు లాల్‌సింగ్. ఇంటి ముచ్చట అంది. కొంచెంసేపు ఏదో గీరుకున్న చప్పుడైంది.

"బంద్ చేసిన. మాట్లాడు."

గొంతు నిజంగానే దగ్గరికి వచ్చింది. ఆకాశం పోయింది. భీమ్‌సింగ్ ఊపిరి వినిపించింది, చెరుకు కొట్టి వచ్చిన మనిషి ఊపిరి. ఇన్నేండ్లు ఆ ఫోనును విన్న జమున చెవి అక్కడ మోసపోయింది. లాల్‌సింగ్ స్పీకరు తీయలేదు. ఫోనును మడ్‌గార్డు మీంచి తీసి, అరచేతి దొప్పలో పెట్టి భీమ్‌సింగ్ మొహం ముందు పట్టుకున్నాడు. మిగతావాళ్లు చప్పుడు చేయకుండా దగ్గరికి జరిగారు.

జమున లంబాడీలో చెప్పింది. మెల్లగా, ఉన్నది ఉన్నట్టు. మాలతి బాగా చదువుతుంది కాకా. చెరుకుకు రానంటుంది. వచ్చే బదులు చస్తానంటుంది. మాటలు కావు, మందు సీసా నేనే ఆమె పెట్టెలోంచి తీసిన. ఈ ఒక్క సంవత్సరం ఆగు. నీ బిడ్డ నీకు కావాలె కదా.

ఆ చివరి మాట దగ్గర గాజులు చప్పుడయ్యాయి. ఒక చేతివి కావు.

"ఇన్నరా?" లాల్‌సింగ్ అందరితో అన్నాడు. "భీమ్‌సింగ్ బిడ్డకు చెరుకు కంటె చావే తియ్యగున్నదట."

మొదట ఒక్కరు నవ్వారు. తరువాత అందరూ నవ్వారు. ఎవరో, మా బిడ్డలకు చావు తీపి తెల్వకనే వచ్చి కొడుతున్నరా అన్నారు. ఇంకెవరో, చచ్చేటోళ్లు సీసా చూపిచ్చి చస్తరా, సదువుకున్నది కద, నాటకం నేర్చింది అన్నారు. దూరంగా ఒక గుడిసెలోంచి, లేవలేని ఆడమనిషి గొంతు, ఏమైంది, మా మాలతికేమైంది, ఎవరన్న చెప్పుండ్రి అని అడుగుతూనే ఉంది. ఎవరూ చెప్పలేదు. భీమ్‌సింగ్ ఊపిరి ఫోనుకు దూరంగా జరిగింది. ఫోను కట్ అయింది.

ఆ వారం తిరగకముందే భీమ్‌సింగ్ ఎల్లారెడ్డి వచ్చాడు. కన్నతండ్రి ఆగుతాడని ప్రమోద అన్న మాట నిజం కాలేదు. ఉతికిన బట్టలు కట్టుకుని హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డాడు. వార్డెను అప్పటికి కొన్ని రాత్రులుగా నిద్రలేకుండా ఉంది. పిల్లకు ఏమన్నా అయితే నౌకరి పోతుందని ఆమె భయం. తండ్రి వచ్చి అడిగాడు, సంతకం పెట్టించుకుని వెంటనే పంపేసింది. తరువాత ప్రమోదకు ఫోను చేసి చెప్పింది.

జమున కౌంటరు మీద గుడ్డ ముక్క అట్లాగే వదిలేసి బస్సెక్కింది. ఎల్లారెడ్డి బస్టాండులో వాళ్లిద్దరూ బాన్సువాడ బస్సు కోసం నిలబడి ఉన్నారు. పెట్టె భీమ్‌సింగ్ నెత్తిన ఉంది. దించి మాట్లాడొచ్చు, దించలేదు.

పది పరీక్షలయ్యేదాకా ఆగు కాకా అని ఆమె బతిమాలింది. అతడు శాంతంగా విన్నాడు. అతని గొంతులో తిట్టు లేదు.

"ఆగుదామనే అనుకున్న బిడ్డా. పక్క ముకద్దం కాడ ఒక ముండమోసిన ఆమె ఉన్నది, ఆమెతోని జోడి కట్టియ్యమని లాల్‌సింగ్ కాళ్లు మొక్కిన. సరే చూద్దం అన్నడు. గప్పుడు నీ ఫోనొచ్చింది." పెట్టెను సర్దుకున్నాడు. "నా బిడ్డ నాతోని పనిచేసుడు కంటె సచ్చుడు నయమన్నదని అందరిన్నరు. నీళ్లకు పోతె నవ్వుతున్నరు. బువ్వ కాడ నవ్వుతున్నరు. ఇంక నేను ఆమె కోసం ఎవరిని అడుగుత? ఏ మొఖం పెట్టుకొని అడుగుత? దాన్ని తీస్కపోయి వాళ్ల ముంగట నిలబెడితెనే నా ఇజ్జత్ నాకొస్తది."

జమున మాలతి వైపు తిరిగింది. ఆ పిల్ల బడి చున్నీ మడిచి చంకలో పెట్టుకుంది.

"అబద్ధం చెప్పుమన్న కదక్కా," అంది మాలతి. "ఒక్కటే చెప్పుమన్న. అది గూడ రాలె నీకు."

బస్సు వచ్చింది.

ప్రమోద అధికారులకు ఫోన్లు చేసింది, కాగితాలు పెట్టింది. ఇద్దరు మనుషులు జీపులో చిన్నగుట్ట తండాకు పోయారు. ఇంటికి తాళం ఉంది. నాయనమ్మ, చుట్టాల పెండ్లికి పోయిన్రు అంది. రాష్ట్రం దాటాక మా చేతిలో లేదని వాళ్లు తిరిగి వచ్చారు. అవతలివాళ్లకు రాశారు. అవతలివాళ్లు ఏ తోట అని అడిగారు. చెరుకు తోటలకు పేర్లుండవు.

జమున తండాకు పోయి తల్లికి చెప్పింది. గోమ్లి రొట్టె చేస్తోంది. పెనం మీది రొట్టె మాడుతున్నా తిప్పలేదు.

"నిజం చెప్పినవా?" అంది. "ఆ ఫోన్ల?"

"వాళ్లు గట్లనే నేర్పిచ్చిన్రు యాడీ."

"వాళ్లకు తెల్వదు. నీకు తెల్వదా? నేనెందుకు చెప్పిన్నో నీకింక సమజ్ కాలేదా?" మాడిన రొట్టెను తీసి బిడ్డ కంచంలోనే వేసింది. "నా మీద కోపమే కద నీకు. నేను చెప్పిన అబద్ధం మీద. ఆ కోపం తీస్కపోయి ఆ పోరి మీద పెట్టినవు."

జమున ఆ రొట్టె తిన్నది. మాడిన భాగం కూడా తిన్నది.

తరువాత కామారెడ్డిలో సంఘం వార్షిక సభ జరిగింది. ప్రమోద మంచి మనిషి, జమునను నిలబెట్టాలనే అనుకుంది. పేర్లు చెప్పకుండా, ఒక వాలంటీరు సమయానికి స్పందించి ఒక అమ్మాయి ప్రాణం కాపాడిందని వేదిక మీద చెప్పింది. అందులో అబద్ధం లేదు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. కొత్తగా చేరిన పిల్లలు ఆమె వైపు తిరిగి చూశారు. జమున శాలువాను దుకాణానికి తెచ్చి మడతపెట్టి గుడ్డల కింద పెట్టింది. నగేశ్ చేత్తో పట్టి చూసి, నూలు కాదు అన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం దుకాణం వెనక మూటలు విప్పుతుండగా ఆమె ఫోను మోగింది. లాల్‌సింగ్.

"ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నాడు. గొంతు చుట్టూ ఆకాశం ఉంది, ఈసారి దాచలేదు. "నువ్వు చెప్పి మంచిపని చేసినవు. పోరిని ఒక్క నిమిషం ఇడుస్తలేం. నీళ్లకు పోతె ఇద్దరు, దొడ్డికి పోతె ఇద్దరు. పండుకుంటె దాని చున్నీ కొంగు పక్కామె చేతికి కట్టిపిచ్చిన. మందు డబ్బలన్ని నా ట్రాక్టర్ల పెట్టి తాళమేసిన. ఇది చావదు. నాది జిమ్మేదారి. నువ్వే మాట్లాడి చూడు."

ఫోను చేతులు మారింది. గాజులు చప్పుడయ్యాయి.

"అక్కా."

జమునకు ఏమనాలో తెలిసిన మాటలన్నీ నియమాలే. అవి పక్కకు పోయాయి. నోట్లోంచి పాత మాట వచ్చింది.

"తిన్నవా?"

"తిన్న."

"మంచిగున్నవా?"

"మంచిగున్న." ఆ పిల్ల గొంతు తేటగా ఉంది, దాని వెనక ఏమీ లేదు. జమున ఎంత విన్నా ఏమీ దొరకలేదు. "నువ్వొక్కదానివే ఇనేటిదానివి అక్కా. ఇప్పుడు ఈడ అందరింటున్నరు. దగ్గుతె ఇంటున్నరు. పక్కకు మర్లితె ఇంటున్నరు. నువ్వు చెప్పినంక నన్ను ఇననోళ్లు లేరు."

ఎవరో నవ్వారు. మా పోరి మంచిగ మాట్లాడుతది అన్నారు మెచ్చుకుంటూ. చాలిగ, బండ్లొచ్చే యాళ్లయింది అని లాల్‌సింగ్ కేక వేశాడు. అడుగుల చప్పుడు దూరంగా పోయింది.

ఫోను మాత్రం పెట్టలేదు. మడ్‌గార్డు మీద మరిచిపోయారు. ముందుగా నువ్వు పెట్టొద్దని నేర్పారు కాబట్టి జమున కూడా పెట్టలేదు. గాలి వినిపించింది. ఆ తరువాత కత్తులు మొదలయ్యాయి. దగ్గరలోనే ఒక జోడి కొడుతోంది. ఒక దెబ్బ బరువుగా, ఒకే తీరుగా పడుతోంది. దాని వెనక ఇంకొకటి, తేలికగా, ఆలస్యంగా. అప్పుడప్పుడు ఆ తేలిక దెబ్బ ఆగేది. ఆగిన ప్రతిసారీ ఒక ఆడ గొంతు, ఏయ్ పోరీ అని పిలిచేది. మళ్లీ మొదలయ్యేది.

జమున మూటల మధ్య నిలబడి వింటూ ఉంది.